పాళెము ఆగి నిలిచిన ఏడు దినములు

పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 12:1-16, లేవీయకాండము 13, 14 అధ్యాయములు, 2 రాజులు 5:1-14, మార్కు 1:40-45

ముఖ్యాంశము: చర్మవ్యాధి సోకినవానికి వైద్యుడు మందు ఇయ్యగలడు. ఇంటిలో అతని స్థానమును అతనికి తిరిగి ఇయ్యగలవారు ఇంటివారే.

1. ఉపోద్ఘాతము

కోల్‌కతా నగరములో హుగ్లీ నది ఒడ్డున, ఖిదిర్‌పూర్ ఓడరేవును ఆనుకొని వాట్‌గంజ్ అను పేట కలదు. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట ఓడల నిర్మాణమునకు పూనుకొనిన కర్నల్ వాట్సన్ అను ఆంగ్లేయుని పేరే ఆ పేటకు నిలిచినది. ఉత్తరాంధ్రము నుండియు, గంజాము నుండియు బ్రతుకుతెరువుకై వెళ్లిన తెలుగువారు ఆ మహానగరపు ఓడరేవులలోను, జనపనార మిల్లులలోను, రైల్వేలలోను తరతరములుగా చెమటోడ్చిరి. నగరమునకు ఉత్తరముననున్న టీటాగఢ్ మిల్లుల చుట్టును తెలుగు పలుకు నేటికిని వినబడుచున్నది.

వాట్‌గంజ్ వంటి పేటలో ఒకే గదిలో ఆరుగురు నివసించు ఒక కుటుంబమును మనస్సున ఊహించుకొనుడి. ఇంటి పెద్ద రేవులో బరువులు మోయువాడు. అతని వీపుమీద పాలిపోయిన మచ్చ యొకటి కనబడినది. దానికి దురద లేదు, నొప్పి లేదు, గిల్లినను తెలియదు. అతడు చొక్కా వేసికొని దానిని దాచుకొనును. భార్యకు తెలిసిన దినమున కంచము వేరు చేయవలెనా? పిల్లలను దూరముగా పరుండబెట్టవలెనా? గది ఒక్కటే గదా! పెద్దకుమార్తెకు సంబంధములు చూచుచున్న దినములలో ఈ మాట బయటికి పొక్కినయెడల ఏమగును? ఆదివారమున ప్రభురాత్రి భోజనమునకు అతడు ముందుకు వచ్చునా, వెనుక బల్లమీద కూర్చుండిపోవునా?

ఈ కుటుంబము ఊహయే గాని ఈ ప్రశ్నలు ఊహలు కావు. 2023లో ప్రపంచమంతట సుమారు 1,82,000 మందికి క్రొత్తగా కుష్ఠువ్యాధి ఉన్నట్లు కనుగొనబడగా, వారిలో సగముకంటె ఎక్కువమంది మన దేశస్థులే. కావున ఈ పాఠము ఎక్కడనో ఉన్న ఎవరినో గూర్చినది కాదు. మన సంఘములలో, మన వీధులలో ఈ దినమున ఇట్టి ఇండ్లు కలవు. అట్టి ఇంటివారికి లేఖనము ఏమి బోధించుచున్నదో పరిశీలింతము.

2. ‘కుష్ఠము’ అను మాట

మొదట ఒక మాటను సరిగా గ్రహింపవలెను. లేవీయకాండము 13వ అధ్యాయములో మన తెలుగు బైబిలు ‘కుష్ఠము’ అని వ్రాయుచోట హెబ్రీ మూలములో ‘సారాఅత్’ అను పదము కలదు. ఆ పదము మనుష్యుల చర్మమునకే పరిమితమైనది కాదు. అదే అధ్యాయములో వస్త్రములకును, తరువాతి అధ్యాయములో ఇంటి గోడలకును ‘సారాఅత్’ పట్టునని వ్రాయబడియున్నది. గోడకు పట్టునది నేటి వైద్యులు కుష్ఠువ్యాధి అనునది కాజాలదు, అది బూజువంటిది. మరియు దేహమంతయు తెల్లబారినయెడల ఆ మనుష్యుడు పవిత్రుడని యాజకుడు నిర్ణయింపవలెనని 13వ వచనము చెప్పుచున్నది. స్పర్శజ్ఞానము పోవుట నేటి కుష్ఠువ్యాధికి ముఖ్యలక్షణము. ఆ అధ్యాయములో దాని ప్రస్తావనయే లేదు.

గ్రీకులోనికి అనువదించినవారు దీనికి ‘లెప్రా’ అను పదమును ఎన్నుకొనిరి. గ్రీకు వైద్యులకు అది పొలుసులు రాలు చర్మరోగము. మధ్యయుగములలో అరబ్బీ వైద్యగ్రంథములను లాటిను భాషలోనికి మార్చినప్పుడు, వ్రేళ్లను ముఖమును వికృతపరచు వేరొక రోగమునకును అదే పేరు తగిలించిరి. ఆ విధముగా రెండు సంగతులు ఒకే పేరుతో కలిసిపోయి, లేవీయకాండములోని విధులన్నియు ఆ రోగిమీద పడినవి.

మన భాషలోను ఇట్టి చరిత్రయే కలదు. ఆయుర్వేదములో ‘కుష్ఠము’ అనగా ఒక్క రోగము కాదు. చరకసంహిత ఏడు మహాకుష్ఠములను, పదునొకండు క్షుద్రకుష్ఠములను, మొత్తము 18 విధములను లెక్కించుచున్నది. నేడు సోరియాసిస్, తామర మొదలైన పేర్లతో మనమెరిగిన వ్యాధులలో అనేకములు ఆ పట్టికలో ఇముడును. కాబట్టి మన అనువాదకులు ఎన్నుకొనిన పదము మొదట విశాలమైనదే. కాలక్రమమున వ్యవహారములో దాని అర్థము ఇరుకైనది. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనిన సూక్ష్మజీవివలన కలుగు వ్యాధినే నేడు మనము కుష్ఠువ్యాధి అనుచున్నాము.

ఈ భేదము పండితులకు మాత్రమే అక్కరైనదని తలంపవలదు. లేవీయకాండము చదివి ఒక భార్య తన భర్తను అపవిత్రుడనుకొనినయెడల, ఒక అనువాదపదము ఆ ఇంటిలో గోడ కట్టినట్లగును. బొల్లి, సోరియాసిస్, పెమ్ఫిగస్ అనునవి ఒకరినుండి ఒకరికి అంటునవి కావు. అయినను వాటితో బాధపడువారుకూడ ఇదే చూపునకు గురియగుచున్నారు. ఈ పాఠము వారి ఇండ్లకును చెందినది.

3. మిర్యాము: ఆగి నిలిచిన ప్రజ

సంఖ్యాకాండము 12వ అధ్యాయము ఒక కుటుంబ కథ. అక్కయు ఇద్దరు తమ్ములును అందలి ముఖ్యులు. మిర్యామును అహరోనును మోషేకు విరోధముగా మాటలాడిరి. మిర్యాము చర్మము హిమమువలె తెల్లబారెను. ఇచ్చట నాలుగు సంగతులను గమనింపుడి.

మొదటిది, అహరోను ఆమెను చూచెను. అతడు యాజకుడు, పరీక్షించి నిర్ణయము చెప్పుట అతని ఉద్యోగము. అయినను అతని నోట వచ్చినది తీర్పు కాదు, విజ్ఞాపన. ఆమె తప్పును తన తప్పుతో కలిపి చెప్పుకొని తమ్ముని బ్రతిమాలెను. రోగినుండి తన్ను వేరుపరచుకొని మాటలాడలేదు.

రెండవది, ఎవరికి విరోధముగా ఆమె మాటలాడెనో ఆ మోషేయే ప్రార్థించెను. హెబ్రీ మూలములో ఆ ప్రార్థన అయిదే మాటలు. ఇంటిలో పాత కోపములుండవచ్చును, ఆస్తి తగవులుండవచ్చును. రోగము వచ్చిన దినమున లెక్కలు విప్పుట తగదు. పొడవైన ప్రార్థన చేయుటకు నోరు రానివాడు అయిదు మాటలతోనైనను ప్రార్థింపవచ్చును.

మూడవది, ఏడు దినములు ఆమె పాళెము వెలుపల ఉండెను. ఆ దినములకు లెక్క ఉన్నది, ముగింపు ఉన్నది. అది ప్రత్యేకించుటయే గాని పారవేయుట కాదు.

నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. మిర్యాము మరల చేర్చబడువరకు ప్రజలు ప్రయాణము సాగింపలేదని 15వ వచనము చెప్పుచున్నది. లక్షలాది జనము ఒక స్త్రీకొరకు హజేరోతులో ఆగిరి. గుడారములు విప్పి, మందలను తోలుకొని ముందునకు సాగిపోవుటకు వారికి కారణములు లేకపోలేదు. అయినను నిలిచిరి. ఆమె తిరిగి వచ్చిన పిమ్మటనే పారాను అరణ్యమునకు సాగిరి. ఒకప్పుడు నదియొడ్డున దూరముగా నిలిచి, జమ్ముపెట్టెలోని పసివానికి ఏమి సంభవించునో అని కనిపెట్టిన అక్క మిర్యామే గదా! నాడు ఆమె నిలిచెను. నేడు ఆమెకొరకు ప్రజ నిలిచినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మిర్యాము రోగము ఆమె పాపమునకు శిక్షగా వచ్చినదని వాక్యము చెప్పుచున్నది. దీనినిబట్టి ప్రతి చర్మవ్యాధియు పాపఫలమని సూత్రము కట్టరాదు. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు అట్లే సూత్రము కట్టగా ప్రభువు దానిని త్రోసివేసెను (యోహాను 9:1-3). యోబు స్నేహితులును ఈ తప్పే చేసిరి. బంధువులు దూరమైరనియు, తన శ్వాస భార్యకే అసహ్యమైనదనియు యోబు మొరపెట్టుకొనెను (19:13-19). అతడు కోలుకొనిన పిమ్మట సోదరులును అక్కచెల్లెండ్రును వచ్చి అతనితో భోజనము చేసిరి (42:11). వారు వచ్చుట మంచిదే. అయితే అతడు బూడిదలో కూర్చుండిన దినములలో వచ్చియుండిన ఎంత మేలుగా నుండెడిది!

4. నయమాను: ఇంటివారి చిన్న మాటలు

సిరియా సేనాధిపతియైన నయమాను స్వస్థతకు కారకులైన మనుష్యులను లెక్కించినయెడల, వారిలో అనేకులు అతని ఇంటివారే. చెరపట్టబడిన చిన్నది యజమానురాలితో మాట చెప్పెను. ఆ మాట నయమాను చెవిని పడెను. చివరకు, యొర్దానులో మునుగుమను ఆజ్ఞ విని అతడు కోపముతో తిరిగిపోవుచుండగా, సేవకులు దగ్గరకు వచ్చి అతనిని తండ్రీ అని పిలిచి నచ్చజెప్పిరి. గొప్ప కార్యము చేయుమనినయెడల చేసియుందువు గదా, ఇంత సులభమైనది చేయరాదా అనుట వారి మాటల సారాంశము.

నేటి రోగికిని ఇట్టివారే కావలెను. కుష్ఠువ్యాధికి చికిత్స నేడు ఆశ్చర్యకరమైన కార్యము కాదు. నెలకు ఒక మందుల పొట్లము. వ్యాధి తీవ్రతనుబట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని విడువక మ్రింగవలెను. మూడవ నెలలోనే మచ్చ తగ్గినదని మానివేయువారు కలరు. ఏ మార్పును కనబడలేదని విసిగి నాటువైద్యుల వెంట పోవువారును కలరు. ఏడవ మునుగు వరకు నయమాను దేహము మారినట్లు వాక్యము చెప్పదు. అయిదవ మునుగునకే గట్టెక్కిన నయమానును వెనుకకు త్రిప్పుట ఇంటివారి పని.

5. ప్రభువు చేయి

మార్కు 1వ అధ్యాయములో ఒక కుష్ఠరోగి వచ్చి మోకాళ్లూనెను. ప్రభువు కనికరపడి, చేయి చాపి, ముట్టి, అటుపిమ్మట మాటలాడెను. ఈ వరుసను గమనింపుడి. శుద్ధుడైన పిమ్మట ముట్టలేదు. ముట్టిన పిమ్మట శుద్ధుడాయెను. మాటమాత్రముచేతనే స్వస్థపరచగల ప్రభువు చేయి చాపుటకు కారణమేమి? ఆ మనుష్యునికి రెండు కొరతలు కలవు: ఒకటి రోగము, రెండవది ఎవరును ముట్టకపోవుట. రెండింటికిని ఒకేసారి ప్రభువు జవాబిచ్చెను.

తరువాత వానిని యాజకునియొద్దకు పంపెను. ఏలయనగా, శుద్ధుడని యాజకుడు ప్రకటింపనిదే వాడు ఇల్లు చేరలేడు. ధర్మశాస్త్రములోనే ఒక సుందరమైన ఏర్పాటు కలదు: రోగి పాళెములోనికి వచ్చి యాజకుని వెదకవలెనని కాదు, యాజకుడే పాళెము వెలుపలికి పోయి వానిని చూడవలెను (లేవీ 14:3). పేరుకు బహిష్కారమని మనము తలంచు ఆ విధిలోనే తిరిగి చేర్చుకొను మార్గము అమర్చబడియున్నది.

6. కలకత్తా, డిచ్‌పల్లి: ఒక చరిత్ర

ఆశ్రమముల చరిత్ర ఎరిగినగాని నేటి ఇంటి బాధ్యత మనకు తేటపడదు. 1874లో వెల్లెస్లీ బెయిలీ ఆరంభించిన కుష్ఠురోగుల మిషను మన దేశమంతట ఆశ్రయములు నిలిపినది. మందులేని ఆ కాలములో ఇల్లు వెళ్లగొట్టినవారికి ఆ ఆశ్రయములే ఇల్లాయెను. 1898 నాటి చట్టము దిక్కులేని రోగులను పట్టి ఆశ్రమములలో ఉంచుటకు అధికారమిచ్చినది. అనేక ఆశ్రమములలో స్త్రీపురుషులను వేరువేరుగా ఉంచిరి. వ్యాధి సోకని పిల్లలను తల్లిదండ్రులనుండి తీసి వేరు గృహములలో పెంచిరి. అది ప్రేమతో చేసిన పనియే. అయినను కుటుంబము రెండుగా చీలినది.

కలకత్తాలో సర్ లియోనార్డ్ రోజర్స్ పూనికతో స్థాపితమైన ఉష్ణమండల వైద్యపాఠశాలలో, వంగదేశపు కాల్నాలో మిషనరీ వైద్యుడుగా నుండిన ఎర్నెస్ట్ మ్యూర్ 1920ల దశకములో కుష్ఠువ్యాధిని పరిశోధించెను. చాల్‌మూగ్రా జాతి నూనెలను సూదిమందుగా ఇచ్చు పద్ధతి అచ్చట అభివృద్ధి చెందినది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఆస్పత్రి స్థాపించిన స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్‌గారును ఈ చికిత్సను తెలుగు రోగులకు అందించిరి. ఆమె 1932లో ప్రభువునందు నిద్రించినది. హుగ్లీ తీరపు ప్రయోగశాలకును తెలంగాణ పల్లెకును ఈ విధముగా బంధము ఏర్పడినది. ఆ సూదులు బాధాకరములు, ఫలము అనిశ్చితము. అయినను రోగులు ఆశతో ఆస్పత్రికి వచ్చుట ప్రారంభమైనది.

1940ల దశకములో డాప్సోను వచ్చినది. అది ఒక్కటియే లొంగదీయలేని సూక్ష్మజీవులు తలయెత్తగా, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పలు మందులను కలిపి ఇయ్యవలెనని నిర్ణయించిరి. మన దేశములో 1983 నుండి ఆ చికిత్స ఆరంభమైనది. 1995 నుండి ప్రపంచమంతట ఆ మందులు ఉచితముగా లభించుచున్నవి. 2005 డిసెంబరునాటికి మన దేశములో రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరికంటె తక్కువయినది. 1898 చట్టము 2016లో రద్దయినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టము, క్రైస్తవులకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టమునుండియు, ఇతర వివాహ చట్టములనుండియు కుష్ఠువ్యాధిని విడాకులకు కారణముగా చూపు మాటలను తొలగించినది.

ఈ చరిత్ర యొక్క తాత్పర్యమేమి? ఆశ్రమము చేసిన పని నేడు ఇంటికి తిరిగి వచ్చినది. రోగి ఇల్లు విడువనక్కరలేదు. మందు ఇంటికి వచ్చుచున్నది. ఇల్లు అతనికి ఆశ్రయమగునా, లేక పాళెము వెలుపలి స్థలమగునా అనునదే మిగిలిన ప్రశ్న.

7. ఇంటివారు ఎరుగవలసినవి, చేయవలసినవి

(అ) భయమును జ్ఞానముచేత వెళ్లగొట్టుడి. ఈ వ్యాధి చికిత్స పొందని రోగితో చిరకాలము సన్నిహితముగా మెలగుటవలన, ముక్కునుండియు నోటినుండియు వెలువడు తుంపరులద్వారా వ్యాపించును. చాలమందికి దానిని ఎదిరించు శక్తి పుట్టుకతోనే కలదు. ఇది వంశపారంపర్యము కాదు. చేయి కలుపుటవలనను, ప్రక్కన కూర్చుండి భుజించుటవలనను అంటదు. మందు ఆరంభించిన కొద్దికాలములోనే రోగి ఇతరులకు వ్యాధిని అంటించు స్థితినుండి బయటపడును. కావున కంచము వేరు చేయనక్కరలేదు, మంచము బయట వేయనక్కరలేదు.

(ఆ) ఎవరినుండి వచ్చినదని విచారింపకుడి. సూక్ష్మజీవి ప్రవేశించిన సుమారు అయిదేండ్లకు, కొన్నిసార్లు ఇరువది ఏండ్లకును లక్షణములు కనబడును. కోడలు కాపురమునకు వచ్చిన ఏడు మచ్చ కనబడినదని ఆమెను నిందించు ఇండ్లు కలవు. ఆ నింద అన్యాయము, అజ్ఞానము. దానికి బదులు ఇంటిలోని వారందరు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములో పరీక్ష చేయించుకొనవలెను. సన్నిహితులకు వ్యాధి రాకుండ ఒక్క మోతాదు మందును కూడ వైద్యులు సూచింతురు.

(ఇ) మందువలన కలుగు మార్పులను ముందే ఎరిగియుండుడి. క్లోఫాజిమిన్‌వలన చర్మము నల్లబడును. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు ఆ రంగు తగ్గును. రిఫాంపిసిన్ మ్రింగిన దినమున మూత్రము ఎర్రగా ఉండును. ఇవి రోగము ముదిరిన గురుతులు కావు. “నీవు నల్లబడితివి” అను మాట ఇంటిలోనివారి నోట రాకూడదు. ఆ ఒక్క మాటకే మందు మానివేసినవారు కలరు. అయితే జ్వరముతో ఒళ్లంతయు దద్దురులు వచ్చినను, మచ్చలు ఎర్రబడి ఉబ్బినను, నరములు నొచ్చినను, చేయి గాని కాలు గాని బలహీనపడినను, కన్ను ఎర్రబడినను ఆ దినమే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. వ్యాధి తిరుగుబాటు అను ఈ ప్రతిక్రియ మందు తీసికొనుచున్నప్పుడును, ముగించిన తరువాతను రావచ్చును. ఆలస్యమైనయెడల నరములు శాశ్వతముగా చెడును.

(ఈ) పాదములను చూడుడి. రాయవేలూరులో 1940ల చివర డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ రోగుల చేతులను శస్త్రచికిత్సచేత సరిచేయుటకు ఆరంభించెను. వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవుటలేదు, నొప్పి తెలియకపోవుటచేతనే గాయపడి నశించుచున్నవని ఆయన కనుగొనెను. నిద్రించు రోగుల వ్రేళ్లను రాత్రివేళ ఎలుకలు కొరికినను వారికి మెలకువ రాదని తెలిసినప్పుడు, ఇంటికి వెళ్లు రోగులకు పిల్లిని ఇచ్చి పంపు ఏర్పాటు జరిగినది. నొప్పి తెలియని దేహమునకు వేరొకరు కాపలా ఉండవలెనని దీని అర్థము.

ఆ కాపలాయే ఇంటివారి సేవ. ప్రతి సాయంకాలము రోగి పాదములను సుమారు ఇరువది నిమిషములు నీటిలో నాననిచ్చి, గట్టిపడిన చర్మమును మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాయవలెను. అరికాలును దీపము వెలుతురులో చూడవలెను. ముల్లు గ్రుచ్చుకొనెనా? బొబ్బ లేచెనా? అతనికి తెలియదు, చూచువారికే తెలియును. పుండు ఉన్నయెడల నడువనీయక విశ్రాంతి ఇయ్యవలెను. మెత్తని అడుగుగల ప్రత్యేకమైన చెప్పులు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో లభించును. వంటచేయు స్త్రీకే వ్యాధి ఉన్నయెడల వేడి గిన్నె దింపుటకు మందపు గుడ్డ ఉండవలెను. కన్ను సరిగా మూతపడుచున్నదో లేదో ఇంటివారు గమనింపవలెను.

ప్రభువు నడుము కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి, శిష్యుల పాదములు కడిగిన అధ్యాయము (యోహాను 13) మనకు కంఠతా వచ్చును. దానిని వినయమునకు గురుతుగా మాత్రమే బోధించుట మనకు అలవాటు. అయితే వాట్‌గంజ్‌లోని ఒక గదిలో, కుమార్తె తండ్రి అరికాలును తొడమీద పెట్టుకొని “నాన్నా, ఇచ్చట చిన్న పగులు ఉన్నది, రేపు పనికి పోవద్దు” అని చెప్పునప్పుడు, ఆ అధ్యాయము అక్షరార్థముగా నెరవేరుచున్నది. ఆ పళ్లెపు నీళ్లే ఆ పాదమును కాపాడును.

8. సంఘము యొక్క భాగము

మిర్యాముకొరకు ఆగినది ఆమె తమ్ములు మాత్రమే కాదు, ప్రజ అంతయు ఆగినది. కూలి పోయిన ఇంటికి కొంతకాలము బియ్యము పంపుట, ఆస్పత్రికి తోడు వెళ్లుట, రోగి అడుగనిదే అతని వ్యాధిని సంఘములో చాటకుండుట, పాత్రను అతనికి అందరివలెనే అందించుట: ఇవి సంఘము చేయగల పనులు. కుమార్తె వివాహ సంబంధమును గూర్చి మాట వచ్చినప్పుడు, ఆ ఇంటి పక్షమున నిలిచి సత్యము చెప్పు పెద్ద ఒక్కడున్నను చాలును. కాపరి తానే వెలుపలికి పోయి చూచు యాజకుడు కావలెను.

9. ముగింపు

దేవుడు స్వస్థత ఇచ్చువాడు. మందులోను ఆయన కృపయే కలదు. అయితే దేహము బాగుపడినను ఇంటిలో చోటు దొరకనివాడు సగమే స్వస్థుడు. ఏడు దినములైనను పండ్రెండు నెలలైనను, ఆ మనుష్యుడు మరల అందరిమధ్య కూర్చుండువరకు నిలిచియుండుట మన వంతు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. అహరోను యాజకుడైయుండియు తీర్పు చెప్పక బ్రతిమాలెను. మన ఇంటిలో రోగి యెదుట మనము మొదట పలుకు మాట ఏది?

2. ప్రభువు శుద్ధునిచేయుటకు ముందే ముట్టెను. నేడు మన చుట్టు ఎవరిని ముట్టుటకు మనము వెనుకాడుచున్నాము? ఆ వెనుకాటుకు వైద్యశాస్త్రములో ఆధారము కలదా?

3. నయమాను సేవకులవలె, చికిత్స మధ్యలో విసిగినవానికి మనము ఎట్లు నచ్చజెప్పగలము?

4. మన సంఘములో వ్యాధిని దాచుకొనుచున్నవాడు ధైర్యముగా బయటపడుటకు ఏ మార్పు అవసరము?

ప్రార్థన

కనికరముగల ప్రభువా, నీవు చేయి చాపి ముట్టితివి. మా ఇండ్లలో రోగముతోను సిగ్గుతోను ఉన్నవారిని మేము విడిచి సాగిపోకుండునట్లు మమ్మును ఆపుము. ప్రతి సాయంకాలము చేయవలసిన చిన్న సేవకు మాకు ఓర్పు నిమ్ము. ఆమేన్.